‘రికార్డ్’ అనే ఇంగ్లీషు మాటను లైను చివర ఎక్కడ విరవాలి? అందులో సిలబుల్స్ ఎన్ని?

విశాఖ డాబాగార్డెన్స్‌లో డీటీపీ చేసే మీరు అడిగింది ఇదీ: ఒక ఇంజనీరింగ్ కాలేజీ సావనీరు, వాళ్లవే ల్యాబ్ రికార్డుల ముందు పేజీలు కంపోజ్ చేస్తుంటే ‘రికార్డ్’ అనే ఇంగ్లీషు మాట ఒకచోట ‘ఆర్‌ఈసి-ఓఆర్‌డి’ అనీ, ఇంకోచోట ‘ఆర్‌ఈ-సిఓఆర్‌డి’ అనీ విరిగింది. ప్రూఫు చూసినాయన మొదటిదాన్ని కొట్టేశారు, కాలేజీ లెక్చరరు గారు రెండోదాన్ని కొట్టేశారు. ఏది రైటు? మాటలో సిలబుల్స్ (ఒక్కో అచ్చుతో పలికే ముక్కలు) రెండా, మూడా? అర్థాన్నిబట్టి విరుపు మారుతుందని ఎవరో అన్నారు, నిజమా?

నిజమే. ఇద్దరూ సగం సగం రైటు. ఆరక్షరాల మాట కాబట్టి ఇక్కడి నుంచి మొదటి విరుపును 3+3 అనీ, రెండోదాన్ని 2+4 అనీ అంటాను.

నామవాచకమైతే 3+3. క్రియ అయితే 2+4. సిలబుల్స్ రెండు చోట్లా రెండే. మెరియం-వెబ్‌స్టర్ లాంటి అమెరికన్ నిఘంటువు తెరిస్తే ఈ రెండూ వేర్వేరు పదాలుగా, వేర్వేరు చోట్ల చుక్కతో కనిపిస్తాయి. మీ సావనీరులో ‘కాలేజీ రికార్డ్’, ‘ల్యాబ్ రికార్డ్’ అన్నచోట 3+3 ఉండాలి. ‘విద్యార్థులు తమ రీడింగులను రికార్డ్ చేయాలి’ అనే అర్థంలో క్రియగా వచ్చినచోట 2+4 ఉండాలి. అయితే నన్నడిగితే ఈ మాటను అసలు విరవకండి. ఆ సంగతి కింద చెబుతాను.

ఎందుకలా మారుతుందో తెలిస్తే ఇంకో పాతిక మాటల దగ్గర మీకు నిఘంటువు అక్కర్లేదు. ఇంగ్లీషులో ఈ మాటను నామవాచకంగా పలికితే ఊనిక (నొక్కి పలకడం) మొదటి భాగం మీద పడుతుంది. అమెరికన్ల నోట దాదాపు ‘రెకర్డ్’, బ్రిటిష్ వాళ్ల నోట ‘రెకోడ్’ అని వినిపిస్తుంది. క్రియగా పలికితే ఊనిక రెండో భాగం మీదికి పోయి ‘రికార్డ్’కి దగ్గరగా వస్తుంది. ఊనిక పడిన పొట్టి అచ్చు ఇంగ్లీషులో తన పక్క హల్లును వదలదు, తన వైపే లాక్కుంటుంది. అందుకే నామవాచకంలో ‘సి’ అక్షరం ముందు ముక్కలో ఉండిపోతుంది. క్రియలో మొదటి అచ్చు మీద బలం లేదు గనుక ఆ హల్లు తర్వాతి ముక్కలోకి జారుతుంది.

మన చెయ్యి తప్పు చేసేది ఇక్కడే. తెలుగులో హల్లు ఎప్పుడూ తన వెనకొచ్చే అచ్చుతోనే ఉంటుంది. గుణింతం దిద్దిన చేతికి ‘క’ను ‘ఆ’ నుంచి విడదీసి ‘రిక్-ఆర్డు’ అని రాయాలని తోచదు. అందుకే మనవాళ్లు చేత్తో హైఫన్ పెడితే నూటికి తొంభైసార్లు 2+4 అవుతుంది. క్రియకు అది కలిసొస్తుంది, నామవాచకానికి తప్పవుతుంది. ‘లెమన్’, ‘సెవెన్’, ‘క్యాబిన్’ మాటల్లోనూ ఇదే పొరపాటు. నిఘంటువు మధ్య హల్లును ముందు ముక్కకే ఇస్తుంది, మనం వెనక్కి తోసేస్తాం. ‘పేపర్’, ‘స్టూడెంట్’లలో మొదటి అచ్చు దీర్ఘంగా పలుకుతుంది కాబట్టి హల్లు తర్వాతి ముక్కలోకే పోతుంది. అక్కడ మన అలవాటూ వాళ్ల నియమమూ ఒకటే.

నామవాచకమో క్రియో తేల్చుకోవడానికి వ్యాకరణం పుస్తకం అక్కర్లేదు. మాటకు ముందేముందో చూడండి. ‘ఎ’, ‘ది’, ‘మై’, ‘దెయిర్’ లాంటివి ఉంటే నామవాచకం. ‘టు’, ‘విల్’, ‘మస్ట్’, ‘షుడ్’ లాంటివి ఉంటే క్రియ. ఇంకో నామవాచకం ముందు విశేషణంలా వచ్చినా (రికార్డు వర్షపాతం, రికార్డు లాభం) నామవాచకం లెక్కే, 3+3. పేపర్లలో వచ్చే ‘విశాఖపట్నం రికార్డ్స్ రికార్డ్ రెయిన్‌ఫాల్’ లాంటి హెడ్డింగు తీసుకోండి. పక్కపక్కనే ఉన్న రెండింటిలో మొదటిది క్రియ (2+5, చివర ‘ఎస్’ చేరింది కదా), రెండోది 3+3. హైఫన్లు పెట్టే మామూలు సాఫ్ట్‌వేరు ఈ తేడా పట్టుకోలేదు. దానికి కనిపించేది అక్షరాల వరుసే, వాక్యం కాదు.

సిలబుల్స్ లెక్క. మూడు అనిపించడం మీ తప్పు కాదు. తెలుగు అజంత భాష. హల్లుతో ముగిసే పరాయి మాట మన ఇంట్లోకి వచ్చిందంటే చివర ఒక ఉకారం తగిలించుకుంటుంది: బస్సు, కారు, బల్బు, రికార్డు. ‘రి-కా-ర్డు’ తెలుగులో మూడక్షరాలే. ఛందస్సు తెలిసినవాళ్లు చూస్తే లఘువు, గురువు, లఘువు, అంటే చక్కగా జగణం. ఇంగ్లీషు మాటలో ఆ చివరి ఉకారం లేదు. పలికే అచ్చులు రెండే, సిలబుల్సూ రెండే. సిలబుల్ లెక్కకు రాసిన అచ్చుల్ని కాదు, పలికిన అచ్చుల్ని చూడాలి. ‘వాక్డ్’ అనే భూతకాల క్రియ స్పెల్లింగులో ‘ఏ’, ‘ఈ’ రెండూ ఉన్నా సిలబుల్ ఒకటే.

ఇక్కడే మరో మెలిక ఉంది. నిఘంటువులో మాట మధ్య కనిపించే చుక్కలు ‘ఇక్కడ విరవొచ్చు’ అని చెప్పేవి, ‘ఇన్ని సిలబుల్స్’ అని చెప్పేవి కావు. ‘అగైన్’, ‘ఓపెన్’ రెండు సిలబుల్స్ మాటలే. అయినా మొదట ఒక్క అక్షరాన్ని లైను చివర ఒంటరిగా వదలకూడదు కాబట్టి వాటిని విరవరు. ‘రిథమ్’ కూడా రెండు సిలబుల్సే, విరుపు మాత్రం లేదు. చుక్కలు లెక్కపెట్టి పిల్లలకు సిలబుల్స్ నేర్పితే కొన్ని మాటల దగ్గర లెక్క తప్పుతుంది. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల నోట్సుల్లోనూ ఈ గందరగోళం కనిపిస్తుంటుంది.

‘రికార్డ్’లాగే అర్థంతోపాటు విరుపు మారే మాటలు మరికొన్ని ఉన్నాయి. సావనీరుల్లో తరచూ వచ్చేవి ఇవి, ప్రతి జంటలో ముందుది నామవాచకం లెక్క:

‘ప్రెజెంట్’ 4+3, క్రియగా (బహూకరించు, సమర్పించు) 3+4. ‘ప్రాజెక్ట్’ 4+3, క్రియగా 3+4. ‘ప్రోగ్రెస్’ 4+4, క్రియగా 3+5. ‘ప్రొడ్యూస్’ పంట అనే అర్థంలో 4+3, తయారుచేయు అనే అర్థంలో 3+4. ‘రెఫ్యూజ్’ చెత్త అయితే 3+3, నిరాకరించు అయితే 2+4. ‘డెజర్ట్’ ఎడారి అయితే 3+3, వదిలిపోవు అయితే 2+4. ‘మినిట్’ అరవై సెకన్లయితే 3+3, అతిసూక్ష్మం అనే విశేషణమైతే 2+4, అప్పుడు పలుకుబడి కూడా ‘మైన్యూట్’.

దీనికి భిన్నంగా ‘పర్మిట్’, ‘కాంట్రాక్ట్’, ‘సబ్జెక్ట్’, ‘ఇంపోర్ట్’, ‘కండక్ట్’ మాటల్లో ఊనిక అటూ ఇటూ జరుగుతుంది గానీ విరుపు జరగదు. మధ్యలో రెండో, అంతకంటే ఎక్కువో హల్లులు ఉన్నాయి. మొదటిది ముందు ముక్కకూ మిగిలినవి వెనక ముక్కకూ పోతాయి, ఊనిక ఎక్కడున్నా పంపకం అదే. మధ్యలో ఒక్క హల్లో, ‘ప్రోగ్రెస్’లోలా కలిసి పలికే జంట హల్లో ఉన్న మాటల దగ్గరే ఈ పంచాయితీ అంతా.

మీ లెక్చరరు గారు 3+3ని ఒప్పుకుని 2+4ని ఎందుకు కొట్టేశారో తెలిసింది కదా. నామవాచకం దగ్గరైతే ఆయన మాటే నెగ్గుతుంది. ప్రూఫు చూసినాయన వాదనకీ ఒక ఆధారం లేకపోలేదు. ఈ మాట లాటిన్ ‘రికార్డారి’ నుంచి వచ్చింది, అర్థం ‘గుర్తు చేసుకొను’. అందులో ‘రి’ అంటే మళ్లీ, ‘కార్డ్’ భాగం హృదయం అనే అర్థమిచ్చే ‘కోర్, కార్డిస్’ నుంచి వచ్చింది. మళ్లీ మనసులోకి తెచ్చుకోవడం అన్నమాట. ‘కార్డియల్’, ‘అకార్డ్’, ‘డిస్కార్డ్’ దీని చుట్టాలే. ఇంగ్లీషువాడు పాఠాన్ని గుండెతో నేర్చుకున్నానంటాడు, మనం కంఠతా పట్టామంటాం. గుర్తుంచుకోవడానికి ఎవరి చోటు వాళ్లది. ధాతువును గౌరవించాలంటే 2+4 దగ్గరే విరవాలి, 3+3 అయితే ఆ ‘హృదయం’ నడిమికి తెగుతుంది. అమెరికన్ పద్ధతి పలుకుబడికి పెద్దపీట వేస్తుంది, పాత బ్రిటిష్ పద్ధతి మాట పుట్టుకకు. అందుకే ‘నాలెడ్జ్’ను అమెరికన్ నిఘంటువు 5+4గా విరిస్తే బ్రిటిష్ అచ్చులో 4+5 కనిపిస్తుంది. మీ కాలేజీ ఏ స్పెల్లింగు వాడుతుందో ముందు అడగండి (‘కలర్’లో ‘యు’ ఉందా లేదా అని చూసినా తెలిసిపోతుంది), పుస్తకమంతా ఆ ఒక్క పద్ధతిలోనే నడపండి. కలగాపులగం అయితేనే అసహ్యంగా ఉంటుంది.

అర్థాలు. నామవాచకంగా దీనికి నాలుగైదు ముఖాలున్నాయి. రాతపూర్వక ఆధారం మొదటిది. 1-బి, అడంగల్ లాంటి రెవెన్యూ రికార్డులు, ఆసుపత్రి కేస్‌షీట్లు ఈ కోవలోవే. హైకోర్టును రాజ్యాంగం 215వ అధికరణం ‘కోర్ట్ ఆఫ్ రికార్డ్’ అనేది ఈ అర్థంలోనే. రెండోది ఎవరూ అందుకోని ఘనత. 2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో చేసిన 148 పరుగులు అప్పటికి వన్డేల్లో భారత వికెట్ కీపర్ చేసిన అత్యధిక స్కోరు. ఇలాంటి చోట ఇంగ్లీషులో రికార్డును ‘సెట్’ చేస్తారు, ఉన్నదాన్ని ‘బ్రేక్’ చేస్తారు. ‘క్రియేట్’ అనేది ‘సృష్టించాడు’ అన్న మన ప్రయోగానికి అనువాదంలా వినిపిస్తుంది, సావనీరులో దిద్దేయండి. ‘న్యూ రికార్డ్’లో ‘న్యూ’ చాలాసార్లు దండగ, రికార్డు అంటేనే కొత్తది.

మూడోది పాటల పళ్లెం. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను పళ్లెం, తర్వాత 1948లో వచ్చిన ముప్పై మూడూ ఇంకో మూడోవంతు చుట్ల ఎల్పీ. జాతరల్లో ‘రికార్డింగ్ డాన్సు’, ఒకే మాట తిప్పితిప్పి చెప్పేవాణ్ని ‘అరిగిపోయిన రికార్డు’ అనడం దీన్నుంచే. నాలుగోది గత చరిత్ర: క్రిమినల్ రికార్డు, ట్రాక్ రికార్డు. డేటాబేస్‌లో ఒక అడ్డ వరుసనూ రికార్డే అంటారు. వీటన్నిటికీ 3+3. క్రియకు నమోదు చేయడం, ధ్వనినో దృశ్యాన్నో పట్టి ఉంచడం అనే రెండు అర్థాలే ముఖ్యం. ఇక మీ ‘ల్యాబ్ రికార్డ్’ మన దేశపు ఇంగ్లీషు. బయటివాళ్లు నోట్‌బుక్ అనో రిపోర్ట్ అనో అంటారు. ఇక్కడి కాలేజీకి కవరు మీద ‘రికార్డ్’ అని వేయడమే సబబు, మార్చకండి.

దీని పిల్లలు. ‘రికార్డింగ్’, ‘రికార్డర్’, ‘రికార్డెడ్’ మూడూ క్రియ నుంచి పుట్టాయి కాబట్టి మొదటి విరుపు 2 అక్షరాల తర్వాతే. ‘రికార్డింగ్’లో ‘ఐఎన్‌జి’ ముందు కూడా విరవొచ్చు, 6+3. నిజానికి అదే మేలు, లైను చివర మాట గుర్తుపట్టేలా ఉంటుంది. ‘రికార్డెడ్’, ‘రికార్డర్’లలో చివరి రెండక్షరాలను కింది లైనుకు తోయకండి. బహువచనం ‘రికార్డ్స్’ నామవాచకమైతే 3+4. ‘రికార్డ్-బ్రేకింగ్’ లాంటి జంటలో ముందే హైఫన్ ఉంది, విరిస్తే ఆ హైఫన్ దగ్గరే విరవాలి. రెండో హైఫన్ వేస్తే చదివేవాడు తికమక పడతాడు.

‘రి’తో మొదలయ్యే మాటల్లో ఒక ప్రమాదముంది. కొన్నిటిలో హైఫనే అర్థం మార్చేస్తుంది. ‘రిజైన్’ అంటే రాజీనామా, అదే స్పెల్లింగులో ‘ఆర్‌ఈ’ తర్వాత హైఫన్ పెడితే మళ్లీ సంతకం చేయడం. ‘రికవర్’ కోలుకోవడం, హైఫన్ పెడితే మళ్లీ కప్పడం. ఇలాంటివి లైను చివర విరిగితే ఆ హైఫన్ మాటలో ఉన్నదా, విరుపు కోసం వచ్చినదా అన్నది తెలీదు. ఒప్పంద పత్రాల్లో ఈ మాటల్ని అస్సలు విరవకండి.

విరవకండి అని పైన అన్నదానికి ఆధారం చెబుతాను. స్టాన్‌ఫోర్డ్‌లో ఫ్రాంక్ లియాంగ్ 1983లో తయారుచేసిన 4,447 అక్షర నమూనాల పద్ధతిని ‘టెక్’ (ఇంగ్లీషులో టీ, ఈ, ఎక్స్) అనే కంపోజింగ్ సాఫ్ట్‌వేరు వాడుతుంది. దాని నియమాలకు లొంగని 14 మాటల చిన్న జాబితా పక్కన ఉంటుంది. అందులో ‘ప్రెజెంట్’, ‘ప్రాజెక్ట్’, వాటి ‘ఎస్’ రూపాలు అసలు విరుపే లేకుండా ఇచ్చారు. నామవాచకమో క్రియో యంత్రం తేల్చలేదు కాబట్టి ముట్టుకోకపోవడమే క్షేమమన్నమాట. ‘రికార్డ్’ ఆ జాబితాలో లేదు గానీ దీనికీ అదే న్యాయం. ఆరక్షరాల మాటను విరిచి మీరు లాభపడే చోటు మహా అయితే మూడు నాలుగు అక్షరాలు.

సాఫ్ట్‌వేరులో చేయాల్సినది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో హైఫనేషన్ తెరిచి, మాటకు కనీసం 7 అక్షరాలు, మొదట 3, చివర 3, వరుసగా హైఫన్లు 2 మించకుండా పెట్టండి. కనీసం 7 అనడంతోనే ‘రికార్డ్’ విరగడం ఆగిపోతుంది. పెద్ద అక్షరాల్లో ఉన్న మాటలకు హైఫన్ టిక్కు తీసేయండి, ముందు పేజీ హెడ్డింగు విరగదు. ఒక్క మాటనే ఆపాలంటే దాని ముందు కంట్రోల్, షిఫ్ట్, హైఫన్ కలిపి నొక్కండి. అది కనపడని హైఫన్. మాట మధ్యలో పెడితే అక్కడ మాత్రమే విరుగుతుంది, మాట ముందు పెడితే ఆ మాట విరగదు. పుస్తకమంతా పట్టాలంటే యూజర్ డిక్షనరీలో మాటను ముందు టిల్డ (~) గుర్తుతో చేర్చండి.

వర్డ్‌లో లేఅవుట్ ట్యాబ్ కింద హైఫనేషన్ ఆప్షన్లలో వరుస హైఫన్ల పరిమితి 2 చేయండి. ఐచ్ఛిక హైఫన్‌కు కంట్రోల్, హైఫన్. విరగకూడని హైఫన్‌కు కంట్రోల్, షిఫ్ట్, హైఫన్. ఇన్‌డిజైన్‌లో విరుపుకు వాడే మీటలే వర్డ్‌లో విరగనివ్వని హైఫన్‌కు వాడతారు, రెండూ వాడే చేతికి ఇదే చిక్కు. మొత్తం పేరానే ఆపాలంటే పేరాగ్రాఫ్ బాక్సులో లైన్ అండ్ పేజ్ బ్రేక్స్ కింద ‘డోంట్ హైఫనేట్’.

లైను చివర మామూలు హైఫన్ కొట్టి స్పేసో ఎంటరో ఇవ్వడం మానండి. ఫాంటు సైజు అర పాయింటు మారినా లైన్లు జరుగుతాయి, అప్పుడు ఆ హైఫన్ లైను మధ్యకొచ్చి కూర్చుంటుంది. అచ్చయిన సావనీరుల్లో కనిపించే విరిగిన మాటల్లో చాలావాటికి కారణం ఇదే. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన మేటరులోనూ ఇవి వెంటొస్తాయి. ప్రింటుకు పంపేముందు ఫైండ్‌లో హైఫన్, దాని పక్కన స్పేస్ కొట్టి ఒకసారి, హైఫన్, దాని పక్కన పేరా గుర్తు పెట్టి మరోసారి వెతకండి.

మన ఊళ్ల పేర్లు ఏ అమెరికన్ నిఘంటువులోనూ సరిగ్గా ఉండవు, యంత్రం ఊహించి విరుస్తుంది. వీటిని మీరే డిక్షనరీలో చేర్చుకోవాలి. విశాఖపట్నం ‘పట్నం’ ముందు, భీమునిపట్నం కూడా ‘పట్నం’ ముందు, అనకాపల్లి ‘పల్లి’ ముందు మాత్రమే విరగాలి. మనుషుల పేర్లను విరవకుండా వదిలేయడమే మర్యాద.

చివరగా, మీరు తెలుగు పేజీలకు అను ఫాంట్లు వాడుతుంటే ఆ తెలుగు స్టైళ్లన్నిటిలో హైఫనేషన్ పూర్తిగా ఆపేయండి. తెరమీద తెలుగు కనిపిస్తున్నా లోపల ఉన్నవి ఇంగ్లీషు కోడ్‌లే. సాఫ్ట్‌వేరు వాటిని ఇంగ్లీషు మాటలనుకుని విరుస్తుంది, అక్షరం ఒక లైన్లో, దాని వత్తు కింది లైన్లో పడతాయి. తెలుగుకు ఒక పేరా స్టైలు, ఇంగ్లీషుకు వేరే స్టైలు పెట్టుకుని, హైఫనేషన్ టిక్కు ఇంగ్లీషు స్టైలులోనే ఉంచండి.